వరి, మొక్కజొన్న పండించే రైతు పశువులు పెట్టాలంటే: గేదెలా, ఆవులా, పడ్డలా, లేక గడ్డి అమ్ముకోవడమే మేలా?

"పదెకరాల వరి ఉంది, రెండు పంటల గడ్డి ఊరికే పోతోంది, నాలుగు గేదెల్ని కట్టేస్తే ఖర్చు లేకుండా పాలు వస్తాయి కదా" అనే లెక్కతోనే చాలామంది వరి రైతులు పాడిలోకి దిగుతారు. లెక్క వినడానికి బాగానే ఉంటుంది. తిరకాసు ఎక్కడంటే వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ పాలు ఇవ్వదు. అందులో మాంసకృత్తులు మూడు, నాలుగు శాతానికి మించవు, సిలికా ఎక్కువ కాబట్టి సరిగ్గా అరగదు, పైగా అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పాలు వచ్చేది పచ్చిగడ్డి నుంచి, దాణా నుంచి. అంటే మీ దగ్గర మిగిలేది ఒకటి, పాడికి కావలసింది ఇంకొకటి.

దాణా మాత్రం ఇంట్లోదే కదా అంటారా? ఒకప్పుడు అంతే. వడ్లు మిల్లుకు పోసి బియ్యం ఆడించుకుంటే తవుడు, నూకలు ఇంటికొచ్చేవి. ఇప్పుడు పచ్చి వడ్లు కోత మిషన్ నుంచి నేరుగా ట్రాక్టర్‌లోకి, అక్కణ్నుంచి కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. తవుడు మిల్లులోనే ఉండిపోతుంది, మీరు మళ్లీ డబ్బులు పెట్టి దాన్నే కొనాలి. మొక్కజొన్న రైతుకు ఈ విషయంలో కాస్త నయం. గింజలు ఇంట్లో కొన్ని ఆపుకుని రవ్వ పట్టించుకోవచ్చు, కావాలంటే కంకి పాలుపోసుకుని గట్టిపడే దశలో పైరు మొత్తం కోసి పాతర (గాలి చొరకుండా మగ్గబెట్టి నిల్వ చేసే మేత, సైలేజ్) వేసుకోవచ్చు.

కాబట్టి ఏ జాతి మంచిదన్న చర్చ తర్వాత. ముందు మే నెలలో మీ పొలంలో పచ్చగా ఏముంటుందో చూడండి. యాసంగి వరి కోతలైపోయి, బోరు రెండు గంటలు పోసి ఆగిపోయే రోజుల్లో పశువుకు రోజుకు పాతిక ముప్పై కిలోల పచ్చిగడ్డి ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి జవాబు ఉంటేనే పాడి. ఎన్ని పశువులు అన్నది కూడా ఆ జవాబే చెబుతుంది, బ్యాంకు మేనేజర్ కాదు. నీటి వసతి ఉన్న ఎకరంలో సూపర్ నేపియర్‌ గానీ సీవో-4 గానీ వేస్తే ఐదారు పశువులకు సరిపోతుంది అనుకోండి. పుస్తకాల్లో అంతకంటే ఎక్కువ దిగుబడి రాస్తారు, నేను దాన్ని నమ్ముకుని పశువుల్ని కొనమని చెప్పను. మొదటి కోత 70, 75 రోజులకు వస్తుంది, ఆ తర్వాత నెలన్నరకోసారి. పశువుల్ని తెచ్చాక గడ్డి నాటేవాళ్లు మొదటి రెండున్నర నెలలూ గట్ల మీద గడ్డి కోస్తూ తిరగాల్సిందే.

రెండో సంగతి, పాలు ఎవరు పితుకుతారు? వరికి నాట్లప్పుడు, కోతలప్పుడు పని మీద పడుతుంది, మధ్యలో ఊపిరి ఆడుతుంది. పాడికి ఊపిరాడే రోజు ఉండదు. పొద్దున నాలుగున్నరకు, సాయంత్రం నాలుగున్నరకు, పెళ్లున్నా చావున్నా ఎవరో ఒకరు కుండ పట్టుకుని కూర్చోవాలి. చాలా ఇళ్లలో ఆ ఎవరో ఒకరు ఇంటి ఆడమనిషే. ఆమెను అడక్కుండా పశువుల్ని కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మూడోది పాలు కొనేవాళ్లు. చిత్తూరు వైపు ఆవుపాలదే రాజ్యం, కేంద్రాలన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో గేదెపాలు లేనిదే కాఫీ దిగదు. ఊళ్లోని పాల కేంద్రం వెన్న శాతం మీద రేటు కడుతుంటే, ఆవుపాలకు విడిగా మంచి ధర లేకపోతే, మీరు ఎంత మంచి ఆవును కట్టినా బిల్లు చూసి నీరసపడతారు. పది రోజుల బిల్లో పదిహేను రోజుల బిల్లో ఇరుగుపొరుగు దగ్గర ఉంటుంది, అడిగి చూడండి. అంతకంటే మంచి మార్కెట్ సర్వే లేదు.

ఇప్పుడు గేదె, ఆవు పక్కపక్కన పెట్టి చూద్దాం. లెక్క కోసం నేను కొన్ని ధరలు అనుకుంటున్నాను, మీ ఊరి ధరలు వేసి మళ్లీ కట్టుకోండి.

బాగా పాలిచ్చే రోజుల్లో రెండు పూటలా కలిపి 10 లీటర్లిచ్చే గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెను ముర్రాతో సంకరపరిచిన గేదె), ఈత మొత్తం మీద సగటున ఆరున్నర లీటర్ల దగ్గర ఆగుతుంది. 300 రోజులు పిండితే 1,950 లీటర్లు. కానీ గేదె మళ్లీ ఈనడానికి పదిహేను, పదహారు నెలలు పడుతుంది. 465 రోజులు అనుకుందాం. మొత్తం పాలను ఆ రోజులన్నిటికీ పంచితే రోజుకు 4.2 లీటర్లు. జెర్సీ సంకర ఆవు సగటున 9 లీటర్ల చొప్పున 300 రోజులు ఇస్తే 2,700 లీటర్లు, పదమూడున్నర నెలలకు, అంటే 405 రోజులకు మళ్లీ ఈనుతుంది. రోజుకు 6.7 లీటర్లు. గేదెపాలు 7 శాతం వెన్నతో లీటరు 56, ఆవుపాలు 36 రూపాయలు అనుకోండి. గేదెకు రోజుకు 235 రూపాయలు, ఆవుకు 241.

దాణా సంగతి. పశువు ఒంటికి రోజుకు 2 కిలోలు, ఆపైన గేదెకు ప్రతి 2 లీటర్లకు కిలో, ఆవుకు ప్రతి రెండున్నర లీటర్లకు కిలో. వట్టిపోయిన రోజుల్లో కూడా ఆ రెండు కిలోలు తప్పవు, కడుపులో దూడ ఉంటుంది కదా. కిలో 30 రూపాయల చొప్పున కడితే గేదెకు రోజుకు 123, ఆవుకు 140 అవుతుంది. మిగిలేది గేదెకు 112, ఆవుకు 101. అంటే దాదాపు ఒకటే! ఇందులో నుంచే పచ్చిగడ్డి, మందులు, కరెంటు, కూలీ పోవాలి. జీతగాణ్ని పెట్టి నెలకు 15 వేలు ఇచ్చారంటే రోజుకు 500, ఐదు పశువుల మిగులు అతనికే సరి. పాడి ఎవరికి కలిసొస్తుందో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది: ఇంటి మనిషి చేయి ఉన్న చోట మూడు, నాలుగు పశువులతో బాగా మిగులుతుంది, జీతం మీద నడిపితే పదీ పదిహేను దాటితే గానీ అర్థం ఉండదు, అప్పుడిక అది పొలానికి తోడుండే పాడి కాదు, వేరే వ్యాపారం.

మిగులు సమానమైతే ఎటు మొగ్గాలి? వరి రైతుకైతే నేను గేదెనే అంటాను, దానికి రెండు కారణాలు. ఒకటి, నాసిరకం ఎండుగడ్డిని సంకర ఆవు కంటే గేదె బాగా అరిగించుకుంటుంది. రెండోది జనం పెద్దగా పట్టించుకోని విషయం: గేదెలు చలికాలంలో ఎక్కువగా ఎదకొస్తాయి, పది నెలల చూడి, కాబట్టి చాలావరకు ఆగస్టు తర్వాత, సంక్రాంతి లోపల ఈనుతాయి. పాలు బాగా వచ్చే నెలలు, వానాకాలం గట్ల గడ్డి, కొత్త వరిగడ్డి, మాగాణిలో చల్లిన పిల్లిపెసర, అన్నీ ఒకేసారి కలుస్తాయి. ఎండాకాలం వచ్చేసరికి పాలు తగ్గుముఖం పడతాయి, మీ దగ్గర పచ్చిగడ్డి కూడా అప్పుడే తగ్గుతుంది. డెల్టాలో వరి కోతకు ముందు పదునులో పిల్లిపెసరో జనుమో చల్లే అలవాటు ఊరికే రాలేదు, పశువుకు మేత, భూమికి నత్రజని రెండూ దాంట్లోనే ఉన్నాయి. మినుముకు మంచి ధర ఉందని ఆ కాస్త భూమినీ మినుముకే ఇచ్చేసి తర్వాత గడ్డి కోసం వెతుక్కునేవాళ్లు ఎక్కువయ్యారు.

గేదెతో తలనొప్పి మూగ ఎద. వేసవిలో అరవదు, తీగ (ఎదలో మానం నుంచి కారే జిగురు) కూడా సరిగ్గా కనిపించదు. ఎద ఒకసారి తప్పితే 21 రోజులు పోయినట్టే. పైన వేసిన 465 రోజుల లెక్క మీ నిర్లక్ష్యంతో 550కి పోయిందంటే మిగులు మొత్తం అక్కడే ఆవిరి. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొట్టంలో తిరిగి చూసే అలవాటు లేని ఇంటికి గేదె కంటే ఆవే నయం.

మొక్కజొన్న పండించి, బోరు నీళ్లు నమ్మకంగా ఉండి, పాతర వేసుకునే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం సంకర ఆవు బాగుంటుంది. ఏడాది పొడవునా ఒకే రకం మేత ఇవ్వగలిగితే ఆవు ఏడాది పొడవునా పాలు ఇస్తుంది, త్వరగా చూడి కడుతుంది, దూడ కూడా రెండున్నరేళ్లకే ఈతకు వస్తుంది, గేదె పడ్డకు మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. కానీ హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ ఆవు) జోలికి వెళ్లకండి. కరీంనగర్, నల్గొండ ఎండల్లో హెచ్‌ఎఫ్ ఆవు రొప్పుతూ నిలబడి, తిన్న దాణా అంతా ఒళ్లు చల్లబరుచుకోవడానికే ఖర్చు పెడుతుంది. జెర్సీ సంకరం, అదీ విదేశీ రక్తం సగానికి కాస్త అటూ ఇటూ ఉన్నది చాలు. పిడుదులు పట్టే ఊరైతే థైలేరియా జ్వరం సంకర ఆవుకే ముందు వస్తుంది, పొదుగువాపూ దానికే ఎక్కువ. ఇంకో చిక్కు కోడెదూడ. ట్రాక్టర్లు వచ్చాక సంకర కోడెను అడిగే దిక్కు లేదు. లింగ నిర్ధారిత వీర్యంతో సూది వేయిస్తే దాదాపు తొంభై శాతం పెయ్యలే పుడతాయి, పశువైద్యశాలలో దొరుకుతుందేమో ముందే కనుక్కోండి.

ఒంగోలు, గిర్, సాహివాల్ గురించి కూడా అడుగుతారు. ఒంగోలు జాతి మన గర్వం, నిజమే. బ్రెజిల్‌ వాళ్లు మన పశువుల్ని తీసుకెళ్లి నెలోర్ అని నెల్లూరు పేరు పెట్టుకుని కోట్లలో పెంచుకున్నారు, కానీ వాళ్లు పెంచింది మాంసం కోసం. కేంద్రానికి పాలు పోసే రైతుకు రోజుకు మూడు, నాలుగు లీటర్ల ఆవు గిట్టదు. దేశీ ఆవు గిట్టాలంటే టౌన్‌లో ఇంటింటికీ సీసాల్లో పాలు వేసి ఎక్కువ ధర రాబట్టాలి, అప్పుడు మీరు రైతు, డ్రైవర్, సేల్స్‌మన్ మూడూ అవుతారు. పక్కనే టౌన్ ఉండి, ఆ పని ఇష్టంగా చేసే పిల్లాడు ఇంట్లో ఉంటే సరే. లేదంటే ప్రకృతి సేద్యం కోసం ఒక్కటి కట్టుకోండి, చాలు.

పాలు పితికే చేయి లేనివాళ్లకు పడ్డల పెంపకం

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, గడ్డి దండిగా ఉండి మనుషులు లేని ఇంటికి నా ఓటు దీనికే. ఏడాది దాటిన ముర్రా పడ్డల్ని కొని, రెండేళ్లు పెంచి, చూడి కట్టించి, ఈనే ముందు అమ్మేయడం. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట పని, పాలు పితికే గొడవ లేదు, ఒక పూట ఆలస్యమైనా మునిగేదేమీ ఉండదు. పాడి గేదెలా కాకుండా పడ్డ నిజంగానే వరిగడ్డి మీద చాలావరకు పెరుగుతుంది, ఆ గడ్డిని యూరియాతో మగ్గబెడితే.

పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50, 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించాలి, పలుకు మిగలకూడదు. గడ్డిని పొరలు పొరలుగా పరిచి, పొర పొరకూ పూలకుండీ నీళ్ల డబ్బాతో చల్లి, గట్టిగా తొక్కి, టార్పాలిన్ కప్పి గాలి చొరకుండా అంచులు మట్టితో మూసేయాలి. మూడు వారాల తర్వాత ఒక పక్క నుంచి తీస్తే గడ్డి ముదురు పసుపులోకి తిరిగి, మెత్తబడి, ముక్కు అదిరేలా అమ్మోనియా వాసన కొడుతుంది. గంటసేపు గాలికి ఆరబోసి వేయాలి. మాంసకృత్తులు ఏడు శాతం దాకా వస్తాయి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వేయొద్దు. యూరియా నీళ్ల బకెట్ పశువుకు అందే చోట అసలు పెట్టొద్దు, తాగితే దక్కదు.

దీనికి తోడు కిలో, కిలోన్నర దాణా, కాస్త పచ్చిగడ్డి, 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, నులిపురుగుల మందు. చిక్కేమిటంటే రెండేళ్లు చేతికి పైసా రాదు, నాలుగైదు పడ్డల్లో ఒకటి చూడి కట్టకుండా మొండికేసినా మిగతావాటి లాభం తినేస్తుంది. పంట డబ్బులతో ఇల్లు గడిచేవాళ్లు మాత్రమే ఇది చేయాలి. దున్నదూడల్ని మాంసానికి పెంచే ఆలోచన ఉంటే 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం, పశువైద్యుడి ధ్రువపత్రం, రవాణా అనుమతులు అన్నీ ముందే తెలుసుకుని దిగండి.

అసలు పశువులే వద్దనుకుంటే

అది కూడా మంచి నిర్ణయమే, సిగ్గుపడాల్సింది లేదు. కోత మిషన్ వెళ్లిన నాలుగైదు రోజుల్లో బేలర్ పెట్టించి కట్టలు అమ్మేయడం, లేదా పక్క ఊరి పాడి రైతుకు గడ్డి ఇచ్చి బదులుగా ఎండాకాలంలో పెంట తోలించుకోవడం. గొర్రెల మంద కట్టించడం మన పాత పద్ధతి, రాత్రికి ఇంత అని ఇస్తే కాపరులు చేలో మంద పడుకోబెడతారు, ఎరువు నేరుగా చేనులోనే పడుతుంది, మోయాల్సిన పని ఉండదు. ఏది చేసినా గడ్డికి నిప్పు పెట్టడం కంటే మేలు.

ఎరువు కోసమే పశువులు అనేవాళ్లకు ఒక లెక్క. టన్ను పశువుల ఎరువులో నత్రజని 5 కిలోల దాకా ఉంటుంది. ఎకరాకు 4 టన్నులు తోలితే 20 కిలోలు, అంటే సుమారు ఒక 45 కిలోల యూరియా బస్తా, అదీ మొదటి ఏడాదే అంతా అందదు. కాబట్టి యూరియా మిగులుతుందని కాదు, నేల గుల్లబారి నీరు పట్టుకుంటుందని ఎరువు విలువ. నాలుగు పశువుల పేడతో పదెకరాలు నిండవు, మూడేళ్లకోసారి మడి మార్చుకుంటూ తోలుకోవాలి.

పంట రైతు కొట్టంలోనే ఎదురయ్యే ప్రమాదాలు కొన్ని ఉన్నాయి, పాడి మాత్రమే చేసేవాళ్లకు ఇవి అంతగా తెలియవు. కోతల్లో వాన పడి తడిసిన గడ్డిని అలాగే కట్టలు కట్టిస్తే లోపల బూజు పడుతుంది. కట్ట విప్పి మధ్యలోకి చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉన్నా, నల్లమచ్చలున్నా, ముక్కిన వాసన వచ్చినా వేయొద్దు. అలాంటి గడ్డి తిన్న గేదెలకు తోక చివర, చెవి అంచులు, గిట్టల పైన కుళ్లుతాయి, డెగ్నాలా అంటారు. కల్లంలో వడ్లో మొక్కజొన్నో కుప్ప పోసిన రాత్రి పశువు కట్టు తెంపుకుని మేసిందంటే పొద్దున్నకు కడుపు కదలక పడిపోతుంది, అప్పుడు నీళ్లు తాగించకుండా వెంటనే డాక్టర్‌ని పిలవాలి, 1962కి ఫోన్ చేసినా సంచార పశువైద్య వాహనం వస్తుంది. జొన్న కోసిన చేలో మళ్లీ మొలిచిన పిలకల జోలికి పోనివ్వొద్దు, నాము (లేత జొన్న పిలకల్లో ఉండే విషం) సంగతి పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకు చెప్పండి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు, గొంతువాపు టీకా వానలకు ముందే.

ఇక కొనడం. సంతలో అమ్మేవాడు చెప్పేది ఎప్పుడూ ఈనిన నెలలోపు పాలే, ఈత సగటు కాదు. ముందు పూట పిండకుండా ఆపి చూపిస్తారు కాబట్టి అక్కడే ఉండి వరసగా మూడు పూటలు పిండించి చూడాలి, మొదటి పూట లెక్కలోకి తీసుకోకూడదు. పిండాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడాలి, గట్టిగానే ఉందంటే అది పాలు కాదు, కండో వాపో. నాలుగు చన్నుల ధారా మీ చేత్తో చూడండి. రెండో ఈత పశువు అందరికీ మంచిది. హర్యానా ముర్రా అని మోజుపడి లారీలో తెప్పించుకుంటే దారి బడలికకే పాలు తగ్గుతాయి, మన ఎండకూ మన మేతకూ అలవాటు పడిన గ్రేడెడ్ గేదె పక్క మండలంలోనే దొరుకుతుంటే అంత దూరం ఎందుకో నాకు అర్థం కాదు.

అప్పు విషయానికొస్తే, పంటకు ఇచ్చినట్టే పశువుల మేత, దాణా ఖర్చులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు వర్తిస్తుంది, చాలామంది అడగరు. 50 శాతం సబ్సిడీ అని యూట్యూబ్‌లో తిరిగే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ పథకం గొర్రెలు, మేకలు, కోళ్లు, పందులు, సైలేజ్ లాంటి మేత యూనిట్లకు, గేదెలకు కాదు. దాని కోసం పది గేదెల ప్రాజెక్టు రిపోర్టు రాయించుకుని తిరగకండి.

నాలుగు పశువులు పెట్టాలనుకుంటే ముందు రెండు కొనండి, ఐదారు నెలల తర్వాత ఈనబోయే మరో రెండు తెచ్చుకోండి. నాలుగూ ఒకేసారి ఈనినవి తెస్తే నాలుగూ ఒకేసారి వట్టిపోతాయి, ఆ నెలల్లో దాణా బిల్లు వడ్ల డబ్బుల్లోంచి కట్టాలి. షెడ్డు కూడా మొదటి ఏడాది రేకులు, కర్రలతో, తూర్పు పడమరలుగా పొడవు పెట్టి వేసుకుంటే చాలు. సిమెంటు గచ్చు, పైపుల కమ్మీలు రెండో ఈత అయ్యాక చూసుకోవచ్చు, ఆ డబ్బుతో ముందు ఒక చాఫ్ కట్టర్ కొనండి. మొక్కజొన్న చొప్పను నిలువునా వేస్తే ఆకు తిని కాడ వదిలేస్తుంది, ముక్కలు చేసి వేస్తే గాడిలో మిగిలేది చాలా తక్కువ.